గోడకు తగిలించిన లాగర్ చెప్పేది ఊరి ఎండ కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఎండాకాలం రాగానే జిల్లా పేజీల్లో ‘ఫలానా ఊళ్ళో 48 డిగ్రీలు’, ‘బడి ఆవరణలో 50 దాటిన ఎండ’ అంటూ వార్తలు వస్తుంటాయి. వీటిలో కొన్ని భారత వాతావరణ శాఖ లెక్కలు. కొన్ని రాష్ట్ర ప్రణాళికా సంఘాల స్వయంచాలక కేంద్రాలవి. తెలంగాణలోనే ఇలాంటి కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఈ మధ్య మూడో రకం లెక్కలు కూడా వస్తున్నాయి. బడుల్లో, రైతు ఉత్పత్తిదారుల సంఘాల గోదాముల్లో, కోళ్ళ ఫారాల్లో, పాలీహౌసుల్లో అరచేతిలో పట్టే డేటా లాగర్లు పెట్టుకుంటున్నారు. రెండు మూడు పెన్సిల్ సెల్స్‌తోనో, ఒక బటన్ సెల్‌తోనో నడుస్తూ, పది నిమిషాలకోసారి వేడినీ గాలిలో తేమనీ తమలో రాసుకుంటూ పోయే చిన్న పెట్టెలివి. ఇవి ఊరూరా రావడం చాలా మంచి విషయం. కానీ కొన్న రోజున తగిలించి, మళ్ళీ ఏడాదికి గుర్తొచ్చినప్పుడు దించితే అందులో ఉండేది సగం ఖాళీ ఫైలు, లేదా నమ్మరాని అంకెలు. వాటిని పెట్టే పద్ధతి, చూసుకునే పద్ధతి కొంచెం వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైనా ప్రచురించమని మనవి.

ముందుగా పెట్టే చోటు. వాతావరణంలో ఉష్ణోగ్రత అంటే నీడలో, గాలి ధారాళంగా ఆడే చోట, నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉన్న గాలి వేడి. ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన కొలత ఇది. వాతావరణ కేంద్రాల ఆవరణలో కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె మీరు చూసే ఉంటారు. దాని నాలుగు పక్కలా ఏటవాలు పట్టీలుంటాయి. పేరు స్టీవెన్సన్ స్క్రీన్, అంటే నీడపెట్టె. తలుపు తీసి చదివేటప్పుడు లోపలి థర్మామీటర్ల మీద ఎండ పడకుండా మన దేశంలో దాని తలుపు ఉత్తరం వైపుకే పెడతారు. కింద పచ్చికో మట్టినేలో ఉండాలి గానీ సిమెంటు చపటా ఉండకూడదు.

అదే లాగర్‌ని బడి పడమటి గోడకు మేకు కొట్టి తగిలిస్తే, మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా అది కొలిచేది ఆ గోడ వేడిని. పగలంతా కాగిన సిమెంటు గోడ రాత్రి చాలాసేపు సెగ వదులుతూనే ఉంటుంది కాబట్టి గరిష్ఠంతో పాటు కనిష్ఠం కూడా తప్పుతుంది. రేకుల షెడ్డు చూరు కింద, ఏసీ బయటి యూనిట్ పక్కన, డాబా పిట్టగోడ మీద పెట్టినా ఇదే తంతు. ఇక నేరుగా ఎండ తగిలే నల్లటి డబ్బా అయితే అసలు గాలి కంటే అయిదు నుంచి పది డిగ్రీలు ఎక్కువ చూపడం మామూలే. 42 డిగ్రీల రోజున ‘50 దాటింది’ అనే వార్త ఇలాగే పుడుతుంది.

నీడపెట్టె కొనే వీలు లేకపోతే చేసుకోవచ్చు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు ఎనిమిది తీసుకోండి. రెండింటిని అలాగే ఉంచి, మిగతా ఆరింటికి నడిమధ్య లాగర్ దూరేంత గుండ్రటి కంత కోయాలి. అన్నిటినీ బోర్లించి, కంత లేనివి రెండూ పైన వచ్చేలా ఒకదాని కింద ఒకటి పేర్చి, మూడు పొడవాటి బోల్టులు దింపాలి. ప్లేటుకూ ప్లేటుకూ మధ్య ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల పైపు ముక్కలు వేస్తే గాలి ఆడుతుంది, ఎండ మాత్రం లోపలికి రాదు. లాగర్ ఏ ప్లేటుకూ తగలకుండా మధ్యలో వేలాడాలి. ఎండకు ఈ ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లుతుంది, ఏడాది రెండేళ్ళకోసారి మార్చుకోవాలి. ఎర్రమట్టి దుమ్ము పట్టిన తెల్ల ప్లేటు తెల్ల ప్లేటుగా పనిచేయదు కాబట్టి నెలకోసారి తడిగుడ్డతో తుడవాలి. ఇంత చేసినా గాలి స్తంభించిన మధ్యాహ్నం లోపల ఒక డిగ్రీ, ఒక్కోసారి అంతకు మించి ఎక్కువ వేడి చేరుతుంది. ఫ్యాన్ లేని ఏ నీడపెట్టెకైనా ఉండే పరిమితి అది.

చోటు సరిగ్గా ఉన్నా పరికరం తప్పు చెప్పొచ్చు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్ స్వయంచాలక కేంద్రంలో 52.9 డిగ్రీలు నమోదైంది. దేశంలో అప్పటికి ఉన్న రికార్డు 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో వచ్చిన 51 డిగ్రీలు. ముంగేష్‌పూర్ అంకె దేశమంతా మోగిపోయింది. తర్వాత వాతావరణ శాఖ అక్కడికి సరిచూసిన పరికరం తీసుకెళ్ళి పక్కన పెట్టి చూసి, ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తేల్చింది. అంత పెద్ద వ్యవస్థలోనే ఇలా జరిగితే, ఏడాదిగా ఎవరూ ముట్టుకోని లాగర్ మాటేమిటి?

ఇక సెల్స్. ఇక్కడ చిన్న లెక్క వేయడం అలవాటైతే సగం తలనొప్పులు తగ్గుతాయి. కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు; వెయ్యి మైక్రో ఆంపియర్లు ఒక మిల్లీ ఆంపియర్. కొలతల మధ్య నిద్రలో 10 మైక్రో ఆంపియర్లు తీసుకునే లాగర్, మేలుకుని కొలిచి రాసుకోవడానికి 2 సెకన్ల పాటు 15 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. పది నిమిషాలకోసారి మేలుకుంటే సగటు 60 మైక్రో ఆంపియర్లు. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల (అంటే గంటకు 2,000 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఒక గంట ఇచ్చేంత సామర్థ్యం) ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ వేస్తే కాగితం మీద మూడేళ్ళ తొమ్మిది నెలలు వస్తుంది. అదే లాగర్‌ని నిమిషానికోసారి మేల్కొలిపితే సగటు 510 మైక్రో ఆంపియర్లకు చేరి, అయిదున్నర నెలలు కూడా రాదు. మూడు సెల్స్ వరసగా కలిపితే వోల్టులు కూడతాయి గానీ సామర్థ్యం ఒక్క సెల్‌దే లెక్క; చాలామంది మూడుతో హెచ్చవేసి మోసపోతారు. కాగితం మీద వచ్చినదాంట్లో సగమే చేతికొస్తుందని అనుకోవాలి. మూసిన డబ్బాలో మే నెల వేడికి సెల్ తనంతట తానే కొంత ఖాళీ అవుతుంది. పైగా సెల్ పూర్తిగా ఇంకకముందే వోల్టేజీ సరిపోక లాగర్ ఆగిపోతుంది.

గాలి వేడికి పది నిమిషాల ఎడం చాలు. ‘ఎంత తరచుగా కొలిస్తే అంత మంచిది’ అనుకోవడం వల్ల సెల్స్ మాత్రమే కాదు, మెమరీ కూడా అయిపోతుంది. 32,000 కొలతలు పట్టే లాగర్ పది నిమిషాల ఎడంతో 222 రోజులు నడుస్తుంది. నిమిషానికోసారైతే 22 రోజులకే నిండుతుంది. నిండాక ఏం చేస్తుందో ముందే తెలుసుకోండి. కొన్ని అక్కడితో ఆగిపోతాయి. కొన్ని పాతవి చెరిపేసి వాటి మీద కొత్తవి రాస్తాయి. నిమిషానికోసారి కొలిచేలా పెట్టిన ఈ రెండో రకంలో ఏప్రిల్, మే లెక్కలు జూలైకల్లా కనిపించకుండా పోతాయి. సెట్టింగుల్లో ‘నిండితే ఆగు’ అనేదే ఎంచుకోవడం మేలు.

కాలేజీ పిల్లలు ఆర్డునో ఊనో అనే చిన్న కంప్యూటర్ లాంటి సర్క్యూట్ బోర్డుతో చేసిన లాగర్లకు ఇంకో చిక్కుంది. ఆ బోర్డు ఏ పనీ చేయకుండానే దాదాపు 45 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ దానికి రెండు రోజులు కూడా రావు. బల్ల మీద ప్రదర్శనకు అది బాగుంటుంది, పొలంలో పనికిరాదు. పొలానికైతే 3.3 వోల్టుల ప్రో మినీ లాంటి బోర్డు తీసుకుని, దాని మీద ఎప్పుడూ వెలిగే చిన్న ఎల్‌ఈడీని పీకేసి, కొలతకూ కొలతకూ మధ్య బోర్డును నిద్రపుచ్చాలి.

మెమరీ కార్డు రాసే క్షణంలో 100 మిల్లీ ఆంపియర్ల దాకా లాగగలదు. నీరసించిన సెల్స్ సరిగ్గా ఆ క్షణంలోనే కూలబడతాయి. ఫైలు సగంలో తెగుతుంది, ఒక్కోసారి కార్డే తెరుచుకోకుండా పోతుంది. అందుకని ఆల్కలైన్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులకు దిగగానే మార్చేయండి. అందులో ఇంకా సత్తువ ఉంటుంది, గోడ గడియారంలో వేసుకోవచ్చు. మార్చేటప్పుడు అన్నిటినీ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి మార్చాలి. రెండు కొత్తవి, ఒకటి పాతది కలిపితే పాతది ముందుగా ఇంకిపోతుంది. మిగతా రెండూ దానిలోంచి కరెంటు బలవంతంగా నెట్టడంతో అది ఎదురు తిరిగి కారుతుంది. గడియారాలకు వాడే చౌక జింకు సెల్స్ లాగర్‌లో వేయకండి, అవి ఖాళీ అయ్యేకొద్దీ కారిపోతాయి.

కారిన ఆల్కలైన్ సెల్ కొన దగ్గర తెల్లటి పొడి, పటికముక్కల్లా గడ్డకట్టి కనిపిస్తుంది. అది క్షారం. చేతికి తగలనివ్వకుండా, ముందు పొడిబ్రష్షుతో దులిపి, దూదిపుల్లను నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి స్ప్రింగుల మీద రుద్దితే బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా రుద్ది, తర్వాత ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగు రాగి పచ్చగా తినేసి ఉంటే తుడిచి లాభం లేదు, సెల్ గూడు మొత్తం మార్చాలి. అది చాలా తక్కువ ఖర్చు.

కొన్ని లాగర్లలో 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఉంటుంది. ఇది వేడిని బాగా తట్టుకుంటుంది, ఏళ్ళ తరబడి వస్తుంది. దీనితో మూడు జాగ్రత్తలు. దాని వోల్టేజీ చివరిదాకా 3.6 దగ్గరే నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి మల్టీమీటర్‌తో చూసి ‘ఇంకా బాగానే ఉంది’ అనుకోవద్దు, వేసిన తేదీ రాసిపెట్టుకుని ఆ లెక్కన మార్చాలి. చాలాకాలం దుకాణంలో ఉన్న సెల్ మొదట్లో కరెంటు ఇవ్వడానికి మొరాయిస్తుంది, లోపల కమ్మిన సన్నటి పొర విడిపోవడానికి కాస్త సమయం పడుతుంది. అది చెడిపోయిందని పారేయకండి. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఎప్పుడూ చార్జింగ్‌కు పెట్టకూడదు. మామూలు పెన్సిల్ సెల్ సైజులోనే దొరుకుతుంది కాబట్టి పొరపాటున టార్చిలైటులోనో పిల్లల బొమ్మలోనో వేస్తే రెండింతలకు పైగా వోల్టేజీ వెళ్ళి ఆ వస్తువు కాలిపోతుంది.

చార్జింగ్ మాట వచ్చింది కాబట్టి, స్వయంగా తయారు చేసుకునేవారికి ఒక హెచ్చరిక. సమయం చూపే డీఎస్3231 చౌక మాడ్యూళ్ళలో చాలావాటికి ఒక డయోడు, ఒక 200 ఓముల రెసిస్టర్‌తో బటన్ సెల్‌ను చార్జి చేసే ఏర్పాటు ఉంటుంది. అందులో మామూలు సీఆర్2032 వేసి 5 వోల్టులు ఇస్తే, చార్జి చేయకూడని సెల్ చార్జి అవుతూ ఉబ్బుతుంది. ఆ రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో పీకేస్తే పీడ వదులుతుంది. గడియారం విషయంలో మాత్రం ఈ చిప్ నమ్మదగినది. మామూలు గది వేడిలో ఏడాదికి ఒక నిమిషం మించి తప్పదు. విడి క్రిస్టల్‌తో నడిచే పాత రకం డీఎస్1307 వేడికి నెలకు నిమిషం, అంతకంటే ఎక్కువ జారుతుంది.

నెలకోసారి లాగర్ దగ్గరికి వెళ్ళినప్పుడు చేసే పనుల్లో వరస ముఖ్యం. ముందు డేటా దించుకోవాలి, ఆ తర్వాతే సెల్స్ ముట్టుకోవాలి. కొన్ని లాగర్లలో సెల్ తీయగానే గడియారం సున్నాకు పోతుంది, కొన్నిట్లో లోపలి లెక్కలు కూడా పోతాయి. దించుకునే ముందు సెల్‌ఫోన్ సమయం, లాగర్ సమయం పక్కపక్కనే నోటుపుస్తకంలో రాసుకోండి. ఫోన్ 11.20 అంటుంటే లాగర్ 11.13 అంటే ఏడు నిమిషాల వెనకబాటు. ఇది రాసిపెట్టకుండా గడియారం సరిచేసేస్తే పాత నెల లెక్కలు ఇక సవరించలేం. దించిన ఫైలును అక్కడే తెరిచి, చివరి పది వరసలు చూడాలి. చివరి కొలత పది నిమిషాల కిందటిదేనా? అంకెలు బయట ఉన్న ఎండకు దగ్గరగా ఉన్నాయా? రెండు చోట్ల కాపీ చేసుకున్నాకే లాగర్ మెమరీ చెరపాలి. తర్వాత సెల్స్, ఆ తర్వాత గడియారం, ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం. చాలా లాగర్లు సెల్ వేయగానే తమంతట తాము రాయడం మొదలుపెట్టవు. బటన్‌ను అయిదారు సెకన్లు నొక్కిపట్టాలి, లేదా కంప్యూటర్ నుంచి ఆజ్ఞ ఇవ్వాలి. అందువల్ల అన్నిటికంటే ఎక్కువ డేటా పోయేది లాగర్ చెడిపోయి కాదు, శ్రద్ధగా వెళ్ళి సెల్స్ మార్చి, మొదలుపెట్టడం మరిచి వచ్చేయడం వల్ల. ఒక కొలత పడేదాకా, అంటే ఆ పది నిమిషాలు, చెట్టు కింద కూర్చుని చూసి రావాలి.

గడియారం సరిచేసేది లాప్‌టాప్ నుంచైతే ముందు ఆ లాప్‌టాప్ సమయం సరిచూడండి. కొన్ని పరికరాలు గ్రీనిచ్ సమయంలో రాస్తాయి. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. మధ్యాహ్నం రెండున్నర ఎండ ఫైల్లో ఉదయం తొమ్మిదికి కనిపిస్తే కారణం ఇదే. తేదీ రాసే తీరు కూడా కొంప ముంచుతుంది. 05/06 అంటే ఒక కంప్యూటర్‌కు జూన్ 5, ఇంకోదానికి మే 6. సంవత్సరం, నెల, తేదీ వరసలో 2025-06-05 అని రాసేలా పెట్టుకుంటే ఏ కంప్యూటర్‌లోనూ తిరగబడదు. ఫైలు పేరు కూడా అదే వరసలో, ముందు ఊరి పేరు పెట్టి రాయండి.

ఫైల్లో రెండు అంకెలు కనిపిస్తే ఆగి చూడాలి. డీఎస్18బీ20 అనే సెన్సర్ వాడే లాగర్లలో సరిగ్గా 85.00 అని పడితే అది ఎండ కాదు. కరెంటు అందగానే ఆ సెన్సర్ దగ్గర ముందుగా ఉండే అంకె అది. కొలవడం పూర్తికాకముందే చదివేశారని అర్థం. మైనస్ 127 అని పడితే తీగ తెగింది, లేదా జాయింటు వదులైంది, లేదా 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఊడింది. ఇవి తీసేయకుండా సగటు కడితే ఏమవుతుందో చూడండి. రోజుకు 144 కొలతల్లో 143 సార్లు 32 డిగ్రీలు ఉండి ఒక్కసారి మైనస్ 127 పడితే సగటు 30.9కి దిగుతుంది. 30.9 మామూలు అంకెలాగే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి సగటు కట్టే ముందు ప్రతి రోజు గరిష్ఠం, కనిష్ఠం విడిగా చూడాలి, తప్పుడు అంకె అక్కడే దొరుకుతుంది. తీసేసిన కొలతల స్థానం ఖాళీగా ఉంచండి, సున్నా వేయకండి. సున్నా కూడా ఒక ఉష్ణోగ్రతే.

తెర మీద 41.37 అని రెండు దశాంశాలు కనబడితే అంత కచ్చితం అనుకోవద్దు. డీహెచ్‌టీ22 లాంటి సెన్సర్ అటూ ఇటూ అర డిగ్రీ తేడాతో చెబుతుంది. ఎస్‌హెచ్‌టీ31 లాంటిది కొత్తగా ఉన్నప్పుడు సాధారణంగా 0.2 డిగ్రీల లోపు ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అనే మాట గట్టిగా చెప్పాలి. తేమ సెన్సర్లు వాడేకొద్దీ జారతాయి. మందు పిచికారీ ఆవిరి, పెయింటు వాసన, సిలికాన్ సీలెంటు పులుపు వాసన వీటిని పాడుచేస్తాయి. డబ్బా కంతను సిలికాన్‌తో మూసిన రోజే సెన్సర్ బిగించకండి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. మిర్చి గోదాములో, పత్తి మిల్లులో సెన్సర్ ముందుండే చిన్న జల్లెడ మూత నూగుతో పూడిపోతుంది, అప్పుడు బయట తేమ మారినా లోపల గంటల తరబడి పాత అంకే నిలుస్తుంది. మూత మార్చాలి గానీ సెన్సర్‌ను స్పిరిట్‌తో కడగకూడదు.

సరిచూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నీళ్ళు తగిలినా ఫరవాలేని తీగ సెన్సర్ అయితే మంచు పరీక్ష చేయొచ్చు. మంచినీళ్ళతో చేసిన ఐసును మెత్తగా కొట్టి ఫ్లాస్కు నిండా వేసి, సందులు నిండేంత చల్లటి నీళ్ళు మాత్రమే పోయాలి. ఐసు తేలుతూ కింద నీళ్ళు మిగిలితే అడుగున 2, 3 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఎక్కువైన నీళ్ళు వంపేయాలి. సెన్సర్ కొనను ఐసు నడుమ పెట్టి కదుపుతూ 15 నిమిషాలు ఉంచితే 0.0 రావాలి. 0.6 వస్తే 0.6 ఎక్కువ చెబుతోందని రాసుకోండి.

తేమకు ఉప్పు పరీక్ష. సీసా మూతలో రెండు చెంచాల మెత్తటి ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు మాత్రమే చిలకరించి, గాలి చొరని డబ్బాలో లాగర్ పక్కన పెట్టి మూయాలి. ఉప్పు సెన్సర్‌కు తగలకూడదు. ఎండ పడని, ఫ్యాన్ గాలి తగలని గదిలో ఒక రోజంతా ఉంచితే 75 శాతం దగ్గర నిలవాలి. 81 చూపిస్తే ఆరు శాతం ఎక్కువ. ఈ పరీక్షకు రాళ్ళుప్పు వాడకండి. అందులో మెగ్నీషియం లవణం కలిసి ఉంటుంది, వానాకాలం ఉప్పుజాడీ చెమ్మగిల్లేది దాని వల్లే, అది అంకెను కిందికి లాగుతుంది. ఈ రెండు పరీక్షలూ ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి చేస్తే చాలు.

వానాకాలంలో లాగర్లు చచ్చేది పిడుగుల కంటే చెమ్మకే. డబ్బా మూత చుట్టూ ఉండే ఓ-రింగు (రబ్బరు వలయం) మీద ఒక్క వెంట్రుక, నాలుగు ఇసుక రేణువులు ఉన్నా చాలు, పగలు వేడికి లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడగానే ఆ సందులోంచే చెమ్మగాలిని లోపలికి పీలుస్తుంది. నెల తిరిగేసరికి మూత లోపలి వైపు నీటిబొట్లు కడతాయి. మూసే ముందు ఓ-రింగును వేలితో తడిమి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. స్క్రూలు ఎదురెదురుగా ఉన్నవి కొంచెం కొంచెంగా బిగించాలి, ఒక మూల గట్టిగా బిగిస్తే ఎదురు మూల లేస్తుంది. తీగ డబ్బాలోకి ఎప్పుడూ కింది నుంచే వెళ్ళాలి. వెళ్ళే ముందు ఊయలలా ఒక వంపు వదిలితే తీగ వెంట జారే నీళ్ళు ఆ వంపు దగ్గరే బొట్టుగా రాలిపోతాయి. లోపల చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచి, 10 గ్రాములది, వేయండి. నారింజ రంగుది ఆకుపచ్చకు తిరిగితే, నీలంది గులాబీకి తిరిగితే పని అయిపోయినట్టు. నీలం రంగులో కోబాల్టు ఉంటుంది, దాన్ని వంటపాత్రల్లో వేడిచేయొద్దు. తేమ కొలిచే సెన్సర్ గదిలో మాత్రం ఈ సంచి వేయకూడదు, అది సంచి చుట్టూ ఉన్న పొడి గాలినే కొలుస్తుంది. చీమలు సందు దొరికితే సర్క్యూట్ మీద గూడు కడతాయి, గుడ్లతో సహా. స్తంభానికి జానెడు మేర గ్రీజు పట్టీ పూసి, కంతలన్నీ సన్నటి జాలీతో మూస్తే సరిపోతుంది.

వర్షమాపకం కలిపిన లాగర్లు ఉన్నవారికి ఒక్క పరీక్ష. ఇందులో గరాటు నుంచి పడే నీళ్ళతో చిన్న దొప్ప నిండగానే తిరగబడుతుంది, ఆ తిరుగుళ్ళను లాగర్ లెక్కిస్తుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు గరాటు, 0.2 మిల్లీమీటర్ల వానకు తిరిగే దొప్ప ఉన్న పరికరంలో ఒక్కో తిరుగుడుకు 6.28 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టాలి. ప్లాస్టిక్ సీసాలో సరిగ్గా 628 మిల్లీలీటర్లు పోసి, మూతకు సూదితో కన్నం పెట్టి గరాటు మీద బోర్లిస్తే గంటకు అటూ ఇటూగా ఖాళీ అవుతుంది. లాగర్‌లో 100 తిరుగుళ్ళు, అంటే 20 మిల్లీమీటర్లు పడాలి. 90 పడితే గరాటులో వేపాకు తొడిమలో, పిట్ట రెట్టో అడ్డుపడి ఉంటుంది, లేదా పరికరం మట్టంగా లేదు. 180 పడితే ఒక్కో తిరుగుడును స్విచ్ రెండుసార్లు లెక్కిస్తోంది. వాన లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా కట్టాలి, అర్ధరాత్రి నుంచి కడితే వాతావరణ శాఖ లెక్కతో ఎప్పటికీ కలవదు. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారాన్ని ఆ ప్రాంతానికి కేటాయించిన కేంద్రం అంకెలను బట్టే కడతారు. ఆ అంకె మీద అనుమానం వచ్చి రైతు సంఘం గట్టిగా అడగాలంటే చేతిలో సరిచూసిన లాగర్, తేదీలతో రాసిన నోటుపుస్తకం రెండూ ఉండాలి.

బడులకు, సంఘాలకు ఇచ్చే నిధుల్లో లాగర్ కొనడానికి పద్దు ఉంటుంది, తర్వాత దాన్ని చూసుకోవడానికి ఉండదు. ఏడాదికి రెండు జతల మంచి ఆల్కలైన్ సెల్స్, నాలుగు సిలికా జెల్ సంచులు, ఒక ఓ-రింగు, ఒక సెన్సర్ మూత, ఒక నోటుపుస్తకం. లాగర్ ధరలో ఇది చిన్న భాగమే. ఆ పద్దు లేక మూలన పడిన లాగర్లు చూస్తుంటే మనసు కష్టపెట్టుకోవలసి వస్తోంది. మంజూరు చేసే అధికారులు కొనుగోలు పత్రంలోనే ఈ సామాను రెండేళ్ళకు సరిపడా చేర్చాలి, ఫలానా నెల ఫలానావారు చూడాలని పేరు రాసి పెట్టాలి.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. అంకె అచ్చేసే ముందు లాగర్ నీడలో ఉందా, నేలకు ఎంత ఎత్తులో ఉంది, ఎప్పుడు సరిచూశారు అని అడిగి, ఆ జవాబులు కూడా అంకె పక్కనే వేయండి. ‘బడి ఆవరణ, మట్టినేల మీద నీడపెట్టెలో 1.5 మీటర్ల ఎత్తున, మధ్యాహ్నం 2.40కి 44.6 డిగ్రీలు, మార్చిలో సరిచూసిన లాగర్’. ఒకటిన్నర వరస చోటు పడుతుంది.

భవదీయుడు,
వాతావరణ పరికరాల టెక్నీషియన్,
పల్నాడు జిల్లా